లాంతరు, మగబిడ్డ, ఒకే పాత్ర: హాంగ్‌కాంగ్ పల్లెల విందులో వంశసభ్యత్వం

చైనా చాంద్రమాన సంవత్సరంలో తొలి పౌర్ణమి లాంతర్ల పండుగ. నూతన సంవత్సర వేడుకలు దానితో ముగుస్తాయి. వీధుల్లో వెలిగే రంగుల లాంతర్లు, జిగురు బియ్యపు పిండితో చేసే ఉండలు ఈ పండుగకు ప్రసిద్ధమైన గుర్తులు. అయితే హాంగ్‌కాంగ్‌లోని న్యూ టెరిటరీస్ ప్రాంతపు పాత పల్లెల్లో ఈ పండుగకు మరో ప్రయోజనం ఉంది. గడచిన ఏడాదిలో పుట్టిన మగబిడ్డలను వంశంలో చేర్చుకొనే సందర్భం అది. దానికి రెండు అంగాలు: పూర్వుల మందిరంలో లాంతరు వెలిగించడం, ఆ తరువాత ఒకే పాత్ర చుట్టూ చేరి విందారగించడం. ఈ విందును ఐకమత్యానికి చిహ్నంగా మాత్రమే వర్ణించడం పరిపాటి. అది ఐకమత్యంతోపాటు హక్కుల సరిహద్దును కూడా నిర్ణయించిందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

వంశాలు, మందిరాలు

న్యూ టెరిటరీస్ చరిత్రలో టాంగ్, హౌ, పాంగ్, లియూ, మాన్ అనే ఐదు వంశాలు ప్రధానమైనవి. వీటిలో టాంగ్ వంశీయులు సోంగ్ రాజుల కాలంలో జియాంగ్‌షీ నుంచి దక్షిణానికి వచ్చి కామ్ టిన్‌లో స్థిరపడ్డారు. అక్కడినుంచి వారి శాఖలు పింగ్ షాన్, హా చున్ మొదలైన చోట్లకు విస్తరించాయి. మూడు మండపాలు, రెండు ముంగిళ్లు గల పింగ్ షాన్ పూర్వుల మందిరాన్ని 2001లో ప్రభుత్వం రక్షిత కట్టడంగా ప్రకటించింది. ఇటువంటి మందిరాలు కేవలం ఆరాధనా స్థలాలు కావు. పూర్వుల పేర ఏర్పడిన ఉమ్మడి భూములు వంశానికి ఉండేవి. వాటి కౌలు రాబడి పూజలకు, విందులకు వినియోగమయ్యేది. మిగిలినది మగవారికి వాటాలుగా చేరేది. కనుక వంశసభ్యుడెవరన్న ప్రశ్న భక్తికే కాక ఆస్తికి కూడా సంబంధించినది.

ధ్వనిసామ్యం

లాంతరును కాంటనీస్ భాషలో ‘డాంగ్’ అంటారు. వంశంలోని మగవాడిని ‘డింగ్’ అంటారు. ఈ రెండు మాటల ధ్వనిసామ్యమే ఆచారానికి ఆధారం. కొడుకు పుట్టిన ఇంటివారు మందిరంలో కాగితపు లాంతరు వేలాడదీస్తారు. ఆ దీపం పూర్వులకు కొత్త వారసుని రాకను విన్నవిస్తుంది. పై కప్పునుంచి వేలాడే లాంతర్ల సంఖ్యను బట్టి ఆ ఏడు వంశం ఎంత పెరిగిందో ఊరికంతటికీ తెలుస్తుంది. సంప్రదాయానుసారం ఆడబిడ్డకు లాంతరు లేదు.

పాత్రలోని పొరలు

ఈ సందర్భంలో వడ్డించే భోజనాన్ని ‘పూన్ చోయ్’ అంటారు; బేసినులోని వంటకం అని దాని అర్థం. పూర్వం కొయ్య తొట్టెలు వాడేవారు. తరువాత లోహపు బేసినులు వచ్చాయి. పదార్థాలను విడివిడిగా వండి పొరలుగా పేరుస్తారు. అడుగున ముల్లంగి, ఎండబెట్టిన పందిచర్మం, సోయాపాల మీగడతో చేసిన ఎండు పొరలు. పైన పుట్టగొడుగులు, చేప ఉండలు, కోడిమాంసం. పులియబెట్టిన సోయా ముద్దతో నిదానంగా ఉడికించిన పందిమాంసం ఈ వంటకానికి ప్రాణం. పై పొరల రసం కిందికి దిగుతుంది గనుక అతి చవకైన ముల్లంగి చివరికి అతి రుచికరమవుతుంది.

భోజన మర్యాద ఇంకా గమనింపదగినది. 1969 నుంచి సాన్ టిన్, హా చున్ గ్రామాలలో క్షేత్రపరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త జేమ్స్ వాట్సన్ 1987లో ప్రచురించిన వ్యాసంలో దీనిని వివరంగా విశ్లేషించాడు. పట్టణపు చైనా విందులలో ఎవరెక్కడ కూర్చోవాలి, ఏ వంటకం తరువాత ఏది రావాలి అన్న నియమాలుంటాయి. ఇక్కడ అవేవీ లేవు. ఉపన్యాసాలు లేవు, గౌరవాసనం లేదు. బల్ల నిండగానే భోజనం మొదలవుతుంది. తిన్నవాడు లేచి వెళ్లిపోతాడు. ధనవంతుడైన భూస్వామి, అతని పొలం కౌలుకు చేసే జ్ఞాతి ఒకే పాత్రలో చేయి పెడతారు. హోదా భేదాలను ఆ కాసేపు పక్కన పెట్టడమే దీని సారమని వాట్సన్ అభిప్రాయం.

సాక్ష్యంగా భోజనం

ఈ సమానత్వానికి మరో పార్శ్వం ఉంది. వివాహం, మగబిడ్డ జననం, దత్తత వంటి మార్పులను సమాజం ఆమోదించిందనడానికి ఈ విందే రుజువు. వంశావళి గ్రంథాలున్నా వాటిని ఏటేటా సవరించేవారు కారు. విందు తిన్న జ్ఞాతులే సజీవ సాక్షులు. తిని, ఆ తరువాత ఆ బిడ్డ వాటాను కాదనడం సాధ్యం కాదు. సాన్ టిన్‌లోని మాన్ వంశంలో పరాయి రక్తపు బాలుణ్ణి దత్తత తీసుకున్నవాడు విందు చేయడంతోపాటు, వచ్చిన పెద్దల బహిరంగ అవమానాలను కూడా సహించవలసి వచ్చేదని వాట్సన్ నమోదు చేశాడు. కొత్త వాటాదారుని చేరికతో మిగిలినవారి వాటా తగ్గుతుంది గనుక ఆ అవమానం ప్రవేశ రుసుము వంటిది. పాత్ర అందరిదీ అయినంత మాత్రాన దాని దగ్గరికి చేరే దారి అందరిదీ కాదు.

ఈ వంటకం పుట్టుకను గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. మంగోలుల ధాటికి దక్షిణానికి పారిపోయి వచ్చిన సోంగ్ బాలచక్రవర్తి పరివారానికి, పాత్రలు చాలక పల్లెవాసులు కొయ్య తొట్టెలలో భోజనం పెట్టారని దాని సారాంశం. 1279లో యామెన్ యుద్ధంతో సోంగ్ వంశం అంతరించడం చరిత్ర. తొట్టెల విందు మాత్రం ఐతిహ్యం. అయినా చక్రవర్తికి ఆతిథ్యమిచ్చిన ఆదివాసులం తామేనన్న ఆత్మగౌరవం ఆ కథలో వ్యక్తమవుతుంది.

ఆచారం నుంచి చట్టానికి

1898లో బ్రిటన్ ఈ ప్రాంతాన్ని 99 ఏళ్ల కౌలుకు తీసుకుంది. 1910 నాటి శాసనం భూవివాదాలలో చైనా ఆచారాలను వర్తింపజేయడానికి న్యాయస్థానాలకు అధికారమిచ్చింది. దానితో పురుష వారసత్వానికి వలస ప్రభుత్వపు అండ లభించింది. 1972లో వచ్చిన చిన్న ఇళ్ల విధానం ప్రకారం, 1898 నాటి గ్రామవాసులకు పురుష సంతతిలో జన్మించి 18 ఏళ్లు నిండిన ప్రతి మగవాడూ జీవితంలో ఒకసారి మూడంతస్తుల ఇల్లు కట్టుకొనేందుకు అనుమతి కోరవచ్చు. ప్రజలు దానికి పెట్టిన పేరు ‘డింగ్ ఇల్లు’. మందిరంలో లాంతరు ఏ మాటను ధ్వనించిందో, ప్రభుత్వ కార్యాలయంలో దరఖాస్తు కూడా అదే మాటను పలికింది.

స్త్రీల ఉద్యమ ఫలితంగా 1994లో వచ్చిన శాసనం ఆడపిల్లలకు భూవారసత్వాన్ని కల్పించింది. అయితే వంశపు ఉమ్మడి భూములు దాని పరిధిలోకి రాలేదు. చిన్న ఇళ్ల విధానాన్ని 2021లో హాంగ్‌కాంగ్ అత్యున్నత న్యాయస్థానం సమర్థించింది.

ఈలోగా పూన్ చోయ్ పల్లె దాటింది. భోజనశాలలు, దుకాణాలు దానిని నగరవాసులకు అమ్ముతున్నాయి; 2017లో అది హాంగ్‌కాంగ్ అమూర్త సాంస్కృతిక వారసత్వపు ప్రాతినిధ్య జాబితాలో చోటు సంపాదించుకుంది. నగరంలో డబ్బు చెల్లించినవారెవరైనా, స్త్రీలైనా పురుషులైనా, ఆ పాత్ర చుట్టూ కూర్చోవచ్చు. కాని ఆ భోజనం ఎవరి జననానికీ సాక్ష్యం పలకదు, ఎవరికీ వాటా ఇవ్వదు. వంటకాన్ని వారసత్వంగా గుర్తించినప్పుడు దాని పొరలను, రుచిని నమోదు చేయడం సులభం. ఒకప్పుడు ఆ పాత్ర చుట్టూ ఎవరికి చోటుండేదో, లాంతరు లేని బిడ్డలకు ఏమి దక్కలేదో కూడా నమోదు చేసినప్పుడే ఆ చరిత్ర సమగ్రమవుతుంది.