వుర్దలాకీ (చలనచిత్రము)

సెర్గేయ్ గింజ్‌బుర్గ్ దర్శకత్వమున 2017లో వెలువడిన ఈ రష్యన్ చలనచిత్రమునకు మూలము, అలెక్సేయ్ కాన్‌స్టాంటినోవిచ్ టాల్‌స్టాయ్ (1817–1875) తన యౌవనమున ఫ్రెంచి భాషలో రచించిన ‘వుర్దలాక్ కుటుంబము’ అను కథ. అది రచయిత జీవితకాలమున వెలుగుచూడక, 1884లో రష్యన్ అనువాదరూపమున ప్రకటితమయ్యెను.

వుర్దలాకులనబడు రక్తపిపాసులగు ప్రేతములు పరులకంటె ఆత్మీయులనే ముందుగా కబళింపగోరుట ఆ కథయందలి ఘోరభావన. దొంగను వేటాడుటకై కొండలలోనికేగుచున్న వృద్ధుడు గోర్చా, పది దినములు గడచిన పిమ్మట తాను తిరిగివచ్చినచో ఇంట అడుగిడనీయక, తండ్రియని తలపక, గుండెలో కొయ్యమేకు దింపుడని కుమారులకు ఆజ్ఞాపించును. గడువు ముగియు వేళకే అతడు గుమ్మము ముందు నిలుచుటతో, పితృభక్తికిని ప్రాణభీతికిని నడుమ ఆ కుటుంబము పడు సంక్షోభమందే కథాసారమంతయు నిక్షిప్తమైయున్నది.

చిత్రమో, ఈ గృహవిషాదమును చాలవరకు విడిచి, ఎలిజవేటా పెత్రోవ్నా సామ్రాజ్ఞి ఏలుబడి (1741–1762) నాటి కాలమును ఆధారముగాగొని, పిశాచములు నిజముగా సంచరించు వేరొక గతమును కల్పించినది. రాజధానినుండి వచ్చిన ఆంద్రేయ్ (కాన్‌స్టాంటిన్ క్ర్యూకొవ్), ప్రవాసమందున్న సన్న్యాసి లావ్ర్‌ను (మిహయీల్ పొరేచెన్‌కొవ్) వెదకుచు కొండసీమకేగి, మిలేనా (అగ్లాయా షిలోవ్‌స్కాయా) అను యువతిని ప్రేమించి, పిశాచగణముతో పోరాడును.

ఈ మార్పువలన సాహసము హెచ్చినను, అయినవాడే హంతకుడగునను మూలభయము పలుచబడినది. ఆ భయమును తెరపై సమర్థముగా నిలిపిన గౌరవము, ఇటలీ దర్శకుడు మారియో బావా 1963లో నిర్మించిన మూడు కథల చిత్రమునందలి ఒక ఖండమునకు చెల్లవలెను. అందు గోర్చా పాత్రను బోరిస్ కార్లాఫ్ ధరించెను.