జ్వరము లేని వంటలక్క

భోజనమువలన వ్యాధి వచ్చెనన్నప్పుడు మనము తిన్నవారి మాట విందుము, వైద్యుని మాట విందుము. వండినవారి మాట వినుట అరుదు. అట్టి ఒక వంటలక్క వాదము వైద్య చరిత్రలో నిలిచిపోయినది.

1906 వేసవిలో న్యూయార్కు నగరమునకు సమీపమందలి ఆయిస్టర్ బే అను ఊర ఒక ఇంట 11 మందిలో 6 మందికి టైఫాయిడ్ జ్వరము సోకెను. కారణము వెదకుటకు వచ్చిన ఆరోగ్య ఇంజనీరు జార్జి సోపర్, కొన్ని వారములకే పని మానిపోయిన వంటమనిషిపై దృష్టి నిలిపెను. ఆమె ఐర్లండునుండి వలస వచ్చిన మేరీ మాలన్. ఆమె పనిచేసిన 8 కుటుంబములను విచారింపగా 7 కుటుంబములలో ఈ జ్వరము వచ్చినట్లు తేలెను.

టైఫాయిడ్ క్రిములు పొయ్యి వేడికి చచ్చును గదా, వంటద్వారా ఎట్లు వ్యాపించును? ఆమె పచ్చి పీచ్ పండ్ల ముక్కలు కలిపి ఐస్‌క్రీము చేసెడిది. వాటికి వేడి తగులదు. కడుగని చేతి మాలిన్యము వాటితోపాటు తినువారి కడుపులోనికి పోవునని సోపర్ తలచెను.

1907లో సోపర్ పరీక్షకు మలమూత్రములు ఇమ్మని అడుగగా ఆమె వంటింటి ఫోర్కు చేతబట్టి అతనిని తరిమెను. తనకెన్నడును ఆ జ్వరము రాలేదనియు, లేని రోగమును ఇతరులకెట్లు అంటింతుననియు ఆమె వాదము. అది మూర్ఖవాదము కాదు. పైకి ఆరోగ్యముగా నున్న కొందరి పిత్తాశయమున ఈ క్రిములు ఏండ్ల తరబడి నివసించి మలముతో వెలువడునని శాస్త్రజ్ఞులే అప్పుడప్పుడే గ్రహించుచుండిరి. ఇట్టివారిని ‘వాహకులు’ అందురు.

అధికారులు ఆమెను బలవంతముగా కొనిపోయి నార్త్ బ్రదర్ దీవిలో నుంచిరి. అచ్చట జరిపిన 163 పరీక్షలలో 120 పరీక్షలందు క్రిములు కనబడెను. ఆమె వేరొక ప్రయోగశాలలో చేయించుకొన్న పరీక్షలలో కనబడలేదు. 1909లో వీటిని చూపి విడుదల కోరగా న్యాయస్థానము నిరాకరించెను. వాహకుల మలమున క్రిములు ప్రతిదినమును వెలువడవు. కనుక కొన్ని పరీక్షలలో కనబడనంత మాత్రమున లేవనరాదు.

వంట చేయనను మాటపై 1910లో ఆమెను విడిచిరి. బట్టలుతుకు పనికి జీతము తక్కువ. ఆమె పేరు మార్చుకొని మరల వంటకు కుదిరెను. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి జ్వరము సోకి ఇద్దరు మరణించిరి. మేరీ మరల దీవికి చేరి, 1938లో మరణించువరకు అచ్చటనే యుండెను. అదే నగరమున బయటపడిన ఇతర వాహకులు పెక్కురు తమ ఇండ్లలోనే యుండిరి.

పరీక్షల విషయమున శాస్త్రమే గెలిచినది. కాని ఆ సత్యమును ఆమెకు నమ్మకము కలుగునట్లు చెప్పినవారు లేరు. వంట మానిన పిదప తగిన జీవనోపాధి చూపినవారును లేరు. ఆ లోపమునకు మూల్యము చెల్లించినది ఆమె యొక్కతెయే కాదు, ఆసుపత్రిలో జ్వరము సోకినవారును.

2011 నాటి నిబంధనల ప్రకారము మన దేశమున ఆహారము తయారుచేయువారికి ఏటేట వైద్యపరీక్ష జరుగవలెను. అది వారిని అనుమానించుట కాదు. ఆరోగ్యముగా నున్నానను వంటవాని మాట నిజమే యైనను, క్రిములు లేవనుటకు అది చాలదు. అందుచేతనే మరుగుదొడ్డినుండి వచ్చిన ప్రతివారును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.