గెల, బొంగు, గింజ

విశాఖపట్నంలో తెల్లవారుజామునే లేచి కిరండూల్ రైలెక్కిన మనిషి నాలుగు గంటల్లో అరకులో దిగుతాడు. సాయంత్రానికి మళ్ళీ కిందికి దిగిపోయే ఆ మనిషి ఈలోగా ఏం తింటాడో, ఏం తాగుతాడో ఇంచుమించు ముందే ఖాయమై ఉంటుంది. మధ్యాహ్నం బొంగులో చికెన్. కాఫీ మ్యూజియంలో ఒక కప్పు. దారి పక్కన నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు. ఎవరైనా చోటు చూపిస్తే పొద్దు వాలకముందు ఓ దొప్పెడు జీలుగు కల్లు. వీటన్నిటినీ కలిపి గిరిజన రుచులంటున్నాం. ఈ రుచులు ఇక్కడికి ఎలా వచ్చాయో, ఒకదానికి పేరుప్రతిష్ఠలు దక్కి మరొకటి చాటుమాటు సరుకుగా ఎందుకు మిగిలిందో విచారిస్తే సమాధానం వంటింట్లో దొరకదు. అది చెట్ల దగ్గర దొరుకుతుంది. గత నూట యాభై ఏళ్ళలో ఈ కొండల్లో ఏది వంటకమైందీ, ఏది నేరమైందీ, ఏది బ్రాండైందీ అన్నది, ఏ చెట్టు మీద ఎవరికి హక్కు ఉందన్న తగవును బట్టే తేలుతూ వచ్చిందని నా వాదన.

ముందు ఆ ఒక్కరోజు భోజనంలో కనబడనివేమిటో చూడాలి. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోదులు, గదబలు, పోర్జాలు ఏడాది పొడుగునా బతికింది చోడి అంబలి మీద, సామ అన్నం మీద, కొర్రల మీద, అడవి దుంపల మీద, వానాకాలంలో మొలిచే వెదురు కొమ్ముల మీద. పోడులోకి వెళ్ళేటప్పుడు ఆనపకాయ బుర్రలో అంబలి పోసుకుని వెళ్ళడం ఇక్కడి పని రోజుకు మొదలు. ఈ తిండికి రోజు లెక్క కుదరదు, ఏడాది లెక్క కావాలి. కొత్త తినే పండగలు అందుకే పుట్టాయి. మామిడికాయకో కొత్త, సామకో కొత్త, చిక్కుడుకో కొత్త. ఊరంతా కలిసి దేవతకు పెట్టేదాకా ఆ కాపును ఎవరూ నోట పెట్టకూడదు. కాయ ముదరకముందే చెట్టు దులిపేసే ఆశకు ఊరు వేసిన కళ్ళెం అది. చెట్టు ఏ ఇంటిదైనా, తినడం ఎప్పుడు మొదలవ్వాలో చెప్పేది మాత్రం ఊరు. హక్కు అంటే ఇక్కడ ముందునుంచీ ఇలాంటి మెలిక ఉన్న మాట. పర్యాటకుడికి ఇది అందదు. అందకపోవడం అతని తప్పూ కాదు. 1960లలో జపాన్‌కు బైలడిల్లా ఇనుప ఖనిజం పంపడానికి వేసిన కొత్తవలస–కిరండూల్ లైను, ఖనిజాన్ని కిందికి దించుతూ మనుషుల్ని పైకి ఎక్కించింది. 2017లో దానికి అద్దాల పెట్టె తగిలించారు. రైలు వేళలకు సరిపడే తిండే అరకు తిండి అయి కూర్చుంది.

ఇక జీలుగు. ఈ చెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే కొండల చరిత్రలో సగం దీని కిందే జరిగింది. చేప తోకలాంటి ఆకులు, కిందికి వేలాడే జడల్లాంటి గెలలు. మైదానపు తాటికల్లుకు అలవాటుపడ్డవాళ్ళు దీన్నీ ఒక మత్తు పానీయంగానే చూస్తారు. కొండవాళ్ళకు అది తిండి కూడా. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లలో గోదావరి పక్క కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో పుస్తకం అచ్చువేశాడు. ధాన్యం గాదెలు ఖాళీ అయ్యే ఎండాకాలంలో రెడ్లు జీలుగు కల్లు మీదా, ఆ చెట్టు మానును చీల్చి దంచి తీసిన పిండి మీదా ఎలా నెట్టుకొస్తారో అందులో రాశాడు. అంటే ఒకే చెట్టు కల్లూ ఇస్తుంది, కరువు రోజున గంజీ ఇస్తుంది. సరిహద్దు దాటి ఒడిశాలో సవరలకూ ఇదే చెట్టు, అక్కడ దాన్ని సలప అంటారు. పెళ్ళి మాటలకూ, తగవు తీర్పులకూ, చావు దినాలకూ కల్లు లేకుండా కుదరదు. ఇంకో గుణం చరిత్రకు మరీ ముఖ్యం. జీలుగు కల్లు నిలవ ఉండదు. పొద్దున దించింది సాయంత్రానికి పులిసి పదునెక్కుతుంది, మర్నాటికి పనికిరాదు. నిలవ ఉండే సారా మీద పన్ను వేయాలంటే దుకాణాన్ని పట్టుకుంటే చాలు. నిలవ ఉండని కల్లు మీద పన్ను రాబట్టాలంటే చెట్టునే పట్టుకోవాలి. చెట్టును పట్టుకోవడమంటే పెరట్లోకి రావడమే.

సరిగ్గా అదే జరిగింది. రంప కొండల మీద 1813 ఒడంబడికతో ఇంగ్లీషువాళ్ళు మునసబుదారు అనే స్థానిక పాలకుణ్ణి నిలబెట్టి, శాంతి కాపాడితే చాలు, కప్పం అక్కర్లేదన్నారు. ఆ వంశం, ముఠాలనే ఊళ్ళ గుంపులను చూసుకునే ముఠాదారుల మీద బరువు పెంచుకుంటూ పోయింది. 1870లలో మద్రాసు ప్రభుత్వపు ఆబ్కారీ పద్ధతి కొండలకు ఎక్కింది. సొంతానికి కల్లు దించుకోవడమూ నేరమైంది, కల్లు హక్కు పాటదారుల చేతికి పోయింది. దానికి తోడు మునసబుదారు చిగురుపన్ను పేరిట గీతమీద తన వంతు లాగడం మొదలుపెట్టాడు. 1879 మార్చిలో చోడవరం వైపు పోలీసుల మీద మొదలైన దాడులు గొలుగొండ కొండలకూ, భద్రాచలం తాలూకాలోని రేకపల్లికీ పాకాయి. ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల ఠాణాను తగలబెట్టాడు. కారం తమ్మన్నదొర నెలల తరబడి సైన్యానికి చిక్కలేదు. మద్రాసు పటాలాలు ఆరు, గుర్రపు దళం, సాపర్లు, వందల కొద్దీ పోలీసులు దిగాక గానీ కొండలు చల్లబడలేదు. 1880లో నాయకులిద్దరూ హతమయ్యారు. చాలామందిని అండమాన్ పంపారు. విచారణకు వచ్చిన రెవెన్యూ బోర్డు సభ్యుడు సలివన్ తన నివేదికలో మూలకారణాల మధ్య కల్లు పన్నును దాచకుండా పెట్టాడు. ప్రభుత్వం మునసబుదారును తొలగించింది, ముఠాలను నేరుగా ముఠాదారులకు ఖాయపరిచింది, కల్లు పన్ను వదులుకుంది. సామ్రాజ్యం ఒక పన్నును వెనక్కి తీసుకోవడం చిన్న మాట కాదు. తాగుడు కోసం తిరగబడ్డారని ఆనాటి అధికారుల్లో కొందరు చిన్నచూపుతో తీసిపారేశారు. ఆ పన్ను కడితే ఎండాకాలం తిండికి పన్ను కట్టినట్టేనన్న సంగతి వాళ్ళ లెక్కలోకి రాలేదు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. కల్లూ సారా కొండ కుటుంబాలను గుల్ల చేయలేదా? తాగుబోతుతనాన్ని హక్కు అని పొగడడం బయటివాళ్ళ విలాసం కాదా? ఈ ప్రశ్న మొదట వేసింది బయటి అధికారి కాదు. మన్యంలో ఫితూరీ లేపకముందు అల్లూరి సీతారామరాజు ఊరూరా చెప్పిన మాటల్లో మద్యం మానండన్నది ఒకటి, తగవులు కోర్టులకు పోక పంచాయతీల్లో తీర్చుకోండన్నది రెండోది. ఆ రెండూ ఒకే నోట వచ్చాయి, రెండూ సర్కారుకు కంటగింపయ్యాయి. తాగకపోతే ఆబ్కారీ రాబడి పోతుంది, కోర్టుకు రాకపోతే అధికారం పోతుంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు వరసగా మూడు రోజుల్లో దోపిడీకి గురవడానికి అటవీ చట్టాలు, పోడు మీద ఆంక్షలు, తహసీల్దారు బాస్టియన్ రోడ్ల పనిలో చేయించిన వెట్టి అసలు కారణాలు. అయినా మద్యం మాట దానికి ముందు నడిచిన దారి. డెబ్బై ఏళ్ళ తర్వాత, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు పోట్లాట మళ్ళీ అదే. పాట పాడి లైసెన్సు కొన్నవాడు పొట్లాలు కట్టి ఊరి మీదికి తోలిన సారా అది. ఆ కదలికే 1995లో రాష్ట్రమంతటా నిషేధం దాకా వెళ్ళింది. 1879లో కల్లు కోసం పోరాడినవాళ్ళూ 1992లో సారా వద్దని పోరాడినవాళ్ళూ ఎదురెదురు పక్షాలని నేననుకోను. మా ఊళ్ళో ఏం తాగాలో, ఎంత తాగాలో, అసలు తాగాలో వద్దో మేమే చెబుతామన్నదే ఇద్దరి మాటా. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం ఆ మాటను అచ్చులోకి ఎక్కించింది. మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకూ పంచాయతీకీ ఇచ్చిన క్లాజు పక్కనే చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యాన్నీ పెట్టింది. చట్టం రాసినవాళ్ళకు ఆ రెంటి చుట్టరికం తెలుసనే నాకు తోస్తుంది. అరకు దగ్గర చాటుగా గిరాకీ చూసుకునే కల్లు ముంతను ఈ చట్టం వెలుతురులో చూడాలి. అది ఇంకా తేలని అధికారం తాలూకు గుర్తు.

బొంగు సంగతి వేరు. పచ్చి వెదురు కణుపుల మధ్య ముక్క కోసి, కోడిమాంసానికి ఉప్పూ కారమూ పసుపూ అల్లమూ పట్టించి అందులో కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద తిప్పుతారు. వెదురులోని నీరే ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది, నూనె అక్కర్లేదు. కుండ మోసుకుపోలేని అడవి దారుల్లో వండుకునే పద్ధతిగా అది నిజంగా ఈ కొండలదే. అయితే అది రోజూ వండే కూర కాదు, అంబలి తాగే ఇళ్ళలో కోడి పండగనాటి మాట. పర్యాటక శాఖ హోటళ్ళు దాన్ని పట్టుకుని ప్రచారం చేశాక మారేడుమిల్లి నుంచి అరకు దాకా రోడ్డు పొడుగునా పొయ్యిలు వెలిశాయి. కోడీ మసాలా చాలాచోట్ల మైదానం నుంచి ఎక్కుతాయి. కొండది బొంగూ నిప్పూ మాత్రమే. ఆ బొంగు కథ చూడండి. వృక్షశాస్త్రం ప్రకారం గడ్డి అయిన వెదురును 1927 అటవీ చట్టం చెట్ల జాబితాలో రాసింది. గిరిజనుడు నరికితే నేరం. అదే వెదురు కాంట్రాక్టుల మీద రాజమండ్రి కాగితం మిల్లుకు దశాబ్దాలపాటు తరలిపోయింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా లెక్కగట్టింది. అడవి బయట పెంచిన వెదురును చెట్ల జాబితా నుంచి తీసేసింది 2017లోనే. పర్యాటకుడు ముచ్చటపడే ఆ పాత్ర, నిన్నమొన్నటి దాకా గార్డు కంటబడకుండా దాచుకోవలసిన సరుకు.

ఈ వాదనకు కాఫీ ఎదురు సాక్ష్యం అనిపించవచ్చు. బయటి నుంచి వచ్చిన పంట, సర్కారు దగ్గరుండి నాటించిన పంట, చివరికి గిరిజనుల పేరునే లోకానికి తెలిపిన పంట. 1898లో పాములేరు లోయలో బ్రోడీ అనే ఇంగ్లీషు అధికారి వేసిన మొక్కలు 1920ల నాటికి అనంతగిరి, చింతపల్లి కొండలకు పాకాయి. దశాబ్దాలపాటు అది అటవీ శాఖ తోటల్లో కూలికి పోయే పంట. 1956లో ఏర్పడ్డ గిరిజన సహకార సంస్థ, తర్వాత పాడేరు ఐటీడీఏ దాన్ని పోడుకు బదులుగా గిరిజనుల కమతాల్లోకి తెచ్చాకే, సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల పక్కన చిన్న రైతు పంటయింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు, 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే కాఫీ గింజ కూలి చేతి నుంచి రైతు చేతికి మారినప్పుడే దానికి ఊరు పేరు అంటుకుంది. ఇది నా మాటను కొట్టేయకపోగా బలపరుస్తుంది. ఈ విజయానికి ఇంకా పూడని లోటు ఒకటి ఉంది. కాఫీ తోటల్లో కొంత భాగం అడవి హద్దులోనే ఉంది. పట్టా ఉన్న తోటకూ లేని తోటకూ గింజ రుచిలో తేడా ఉండదు, రైతు నిద్రలో ఉంటుంది.

ఇక కాఫీ పరాయిది, దాన్ని గిరిజన రుచి అనకూడదు అనే స్వచ్ఛతావాదం ఉంది. దానితో నేను ఏకీభవించను. అంబలి కాసే చోడి వేల ఏళ్ళ కిందట తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చింది. శీతాకాలంలో లోయను పసుపు పచ్చగా ముంచెత్తే వలిసెలు ఇథియోపియావి. కాఫీ పుట్టినిల్లూ ఆ కొండలే. మొక్కజొన్న, మిరపకాయ అమెరికా నుంచి పోర్చుగీసు ఓడలెక్కి వచ్చాయి. ఎక్కడిదో మొక్క ఇక్కడిది కావడానికి కాలం పడుతుంది, అంతే. చోడికి ఆ కాలం ఎవరి అనుమతీ అవసరం లేకుండా గడిచింది. కాఫీకి శాఖలు, పథకాలు, పట్టాలు కావలసి వచ్చాయి. మధ్యలో వచ్చిన తేడా మొక్కది కాదు, నేల మీదికి వచ్చిన చట్టానిది. 1870లలో కొండ కల్లు మీద ఆబ్కారీ పెట్టిన చేయీ, 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడును కట్టడి చేసిన చేయీ ఒకటే.

కాఫీ మొక్క నాటిన మూడు నాలుగేళ్ళకు కాపు చూపిస్తుంది, రుణం ఇచ్చే శాఖ ఓపికకు ఆ గడువు సరిపోతుంది. జీలుగు అలా కాదు. గెల వేయడానికే పదేళ్ళు దాటుతుంది. వేయడం మొదలుపెడితే తల నుంచి కిందికి ఒక్కొక్క గెలా దించుకుంటూ కొన్నేళ్ళు కల్లిచ్చి, ఆఖరి గెలతో ఎండిపోతుంది. ఆ చెట్టు విత్తు నాటేవాడు తన కోసం నాటడు. పదేళ్ళ తర్వాత కూడా ఆ పెరడు తన పిల్లలదే అని తెలిస్తేనే నాటుతాడు.