అక్షరము లేని రాళ్ళు: పావగడ సీమయు, మైసూరు పురావస్తు శాఖయు

తుమకూరు జిల్లా పటమును ముందు పెట్టుకొని చూచువారికి పావగడ తాలూకా ఒక వింతగా అగుపడును. పడమట చిత్రదుర్గ జిల్లా ఒరసికొని యుండగా, తక్కిన మూడు దిక్కుల ఆంధ్రదేశము చుట్టుకొని యుండుటచేత, ఇచ్చటినుండి మధుగిరి మీదుగా జిల్లా కేంద్రమునకు పోవు బాటసారి నడుమ మడకశిర సీమను త్రొక్కి పోవలసినవాడగుచున్నాడు. కచేరీలో అర్జీ కన్నడమున వ్రాయుదుము. ఇంటికి వచ్చి ఆ అర్జీ సంగతి తెలుగున చెప్పుకొందుము. ఈ రెండు భాషల పొత్తు మా ఊళ్ళ పేర్లలోనే కలదు. పాతకన్నడమున ‘పావు’ అనగా పాము, తరువాతి కన్నడిగులు దానిని ‘హావు’ చేసికొనిరి, తెలుగువారు ‘పాము’గానే నిలుపుకొనిరి, కోట కట్టునాడు పాము రూపు గల శిల యొకటి దొరకుటచే కొండకా పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. ఇక మా తాలూకాలోని నిడుగల్లు కొండ సంగతి. ‘నిడు’ యనగా పొడవైనదని ఇరువురకును తెలియును. ‘కల్లు’ అనిన తెలుగువానికి ఈతచెట్టు తోచినను, వంటింటిలోని సన్నెకల్లును తలచుకొన్నచో, కల్లనగా రాయి యని వానికిని జ్ఞప్తికి వచ్చును.

మైసూరు సంస్థానమున 1885లో పుట్టి, నేడు కర్ణాటక రాష్ట్ర పురావస్తు శాఖగా వర్ధిల్లుచున్న సంస్థను గూర్చి పలువురు పలువిధముల వ్రాసియుండగా, ఆ సంస్థకును మా మారుమూల తాలూకాకును గల సంబంధమును మాత్రమే నేను ముచ్చటింపదలచితిని. ఏలన, పావగడ సీమకు చరిత్ర యనునది యొకటి కలదని గ్రంథస్థముగా లోకమునకు చెప్పినది ఆ శాఖయే. మరియు ఆ చరిత్రలో చెప్పక మిగిలిపోయినది ఎంత యున్నదో మాకు తెలియుటయు ఆ శాఖ చలువయే.

శాఖకు ఆదిపురుషుడైన బెంజమిన్ లూయీ రైసు సీమదొరయే యైనను బెంగుళూరిలో పుట్టినవాడు. క్రైస్తవ మిషనరీ కుమారుడై 1837లో జన్మించి, ఉపాధ్యాయుడుగా జీవితమారంభించి, విద్యాశాఖను నడపి, 1879లో మైసూరు శాసనముల నొక సంపుటముగా వెలువరించి, తరువాత పురాతత్త్వ పరిశోధనకే అంకితుడై, ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ యను పేరిట 1886 మొదలు 1905 వరకు పండ్రెండు సంపుటములను ప్రకటించెను. తొమ్మిది వేలకు సమీపముగా శాసనములు వానిలో చేరినవి. పండ్రెండవది తుమకూరు జిల్లాది, 1904లో అచ్చయినది. తాలూకా తాలూకాకు వేఱుగా వరుససంఖ్యలిచ్చి, మూలమును కన్నడలిపిలోను, రోమనులిపిలోను, ఆంగ్లానువాదముతోను ముద్రించిన ఆ సంపుటమున పావగడ పేరును అచ్చులో చూచునపుడు, నూఱేండ్లు దాటినను మా వారికి కలుగు గర్వము ఇంతింత యనరాదు. 1906లో రైసు విరమింపగా, ‘కర్ణాటక కవిచరితె’ కర్త యైన ఆర్. నరసింహాచార్యులును, ఆయన తరువాత కౌటిలీయార్థశాస్త్రమును 1909లో లోకమునకిచ్చిన శామశాస్త్రియు, ఆ పిదప ఎం.హెచ్. కృష్ణయు శాఖకు అధ్యక్షులైరి. ఒక్కొక్కరిది ఒక్కొక్క వైదుష్యము. రాతిని పుస్తకము వలె చదువు అలవాటు మాత్రము అందరిదియు.

ఆ చదువు ఎట్లు సాగునో చూచినవారు మరువలేరు. పొలము గట్టున మట్టిలో ఒఱగియున్న బండను ముందుగా నీటితో కడిగి, కుంచెతో నాచు రాచి, అక్షరపు గుంటలలోని మన్నును తొలగింతురు. పిదప తడిసిన కాగితమును దానిపై పఱచి, గట్టి వెండ్రుకల కుంచెతో మెల్లమెల్లగా తట్టుదురు. కాగితము చినుగక, అక్షరము పల్లములోనికి దిగునంత నేర్పుగా ఆ దెబ్బ పడవలెను. కాగితము కొంచెము ఆరినంతట సిరా పూసిన మెత్తని గుడ్డబంతితో పైన అద్దుచు పోయినచో, బండ యంతయు నల్లనై, పల్లముననున్న అక్షరములు మాత్రము తెల్లగా పైకి తేలును. చుట్టును మూగిన పిల్లలు, ఇన్నాళ్ళు తాము గేదెలను కట్టిన రాతికి నోరున్నదని అప్పుడు తెలిసికొని విస్తుపోవుదురు.

అట్లు నోరు విప్పిన రాళ్ళు చెప్పిన కథలో మొదటి పేరు నిడుగల్లు చోళులది. ఇరుంగోళుడు మొదలగు ఈ తెలుగు చోళులు తమను ఒరయూరి యేలికల వంశమువారిగా చెప్పుకొనుచు, 12, 13 శతాబ్దులలో నిడుగల్లు దుర్గమును ఆశ్రయించి, హొయ్సలులతో కయ్యమాడుచు, కన్నడమున శాసనములు వ్రాయించిరి. గంగేయన మారెయ యనువాడు 1232లో నిడుగల్లు కొండపై పార్శ్వజినునకు బసది కట్టించెనని శాసనము చెప్పుచున్నది. నోళంబ పల్లవుల రాజధాని యైన హెంజేరు, నేటి హేమావతి, మాకు కూతవేటు దూరముననే యున్నది. కాని నేడది ఆంధ్రప్రదేశమున శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. పరిసరములందలి అమరాపురమున ఆహారము మాని సల్లేఖన వ్రతముచే దేహము విడిచిన జైనులకు నిలిపిన నిషిధి శిలలు కలవు. నోళంబులకును చోళులకును ఒక్క రాజ్యమై యుండిన నేలను తరువాతివారు చీల్చి రెండు సంపుటములలో పెట్టిరి. మా చరిత్ర తెలియవలెనన్న మైసూరు పుస్తకమొకటి, మద్రాసు పుస్తకమొకటి ప్రక్కప్రక్కన తెఱచి చదువవలెను.

ఇంతవరకు అక్షరము గల రాళ్ళ మాట. వీనికంటె అధిక సంఖ్యాకములు అక్షరము లేనివి. ఊరి వెలుపల, చెఱువు కట్టమీద, చింతచెట్టు మొదట నిలిచిన వీరగల్లులను చూడుడు. క్రింది అరలో ఆవులమందయు, విల్లెత్తిన యోధుడును, నడిమి అరలో అతనిని భుజములు పట్టి పైకి గొనిపోవు అచ్చరలు, పై అరలో శివలింగము ముందు అతడే చేతులు జోడించి కూర్చుండియుండును, శిరోభాగమున సూర్యచంద్రులు. పసులను మరల్చుటకై పోయి తిరిగిరాని ఊరివానికి ఆ ఊరు చెల్లించిన ఋణమది. మఱికొన్నిటిపై కంబమునుండి బయలుదేఱిన ఒక స్త్రీహస్తము, మోచేతికడ వంగి, నిండుగా గాజులు తొడిగి, బొటనవ్రేలి సందున నిమ్మపండు పట్టుకొని యుండును. పండితులు దీనిని మాస్తిగల్లు, అనగా మహాసతి కల్లు అందురు. మా అవ్వ ఆ మాట ఎఱుగదు. నా చిన్ననాడు బావికడ అట్టి రాతిపై కాలు పెట్టి నీళ్ళు చేదబోగా ఆమె నన్ను వెనుకకు లాగి, “కాలు పెట్టొద్దురా అబ్బోడా, ఆ పేరంటాలమ్మ చూస్తా ఉంటాది” అని, రాతికి ఇంత పసుపు రాచి, తానే నా పక్షమున చెంపలు వేసికొనెను.

అక్షరము లేనంతమాత్రమున రాయి మూగది గాదని పురావస్తు శాఖయే నిరూపించినది. మొలకాల్మూరు తాలూకాలోని బ్రహ్మగిరికడ అశోకుని శాసనమును రైసు 1892లో కనుగొనగా, కృష్ణ అచ్చట త్రవ్వకములు సాగింపగా, 1947లో పురావస్తువేత్త మార్టిమర్ వీలర్ వచ్చి ఆ కొండ పాదమున వందలుగా నున్న బృహచ్ఛిలా సమాధులలో కొన్నిటిని తెఱచెను. నాలుగు పలకరాళ్ళను ఒకదాని అంచునకొకటి స్వస్తికాకృతిగా ఒఱగనిలిపి, తూర్పు పలకకు గుండ్రని రంధ్రము తొలిచి, లోపల ఏఱి తెచ్చిన ఎముకలను, నలుపు ఎఱుపు కలిసిన కుండలను, ఇనుప పనిముట్లను ఉంచిరట. ఒక్క అక్షరమైనను లేని ఆ వల్లకాడు దక్షిణాపథపు కాలగణనకు ఆధారములలో ఒకటైనది. మాకు ఉత్తరమున కళ్యాణదుర్గము సీమలో ముదిగల్లుకడ ఇట్టి రాతిగూళ్ళు కలవు. మన పల్లెలవారు వీనిని పాండవుల గుళ్ళనియు, రక్కసి గుళ్ళనియు అందురు. ఆ పేరు పొరపాటే కావచ్చును. కాని ఆ పేరునందలి భయభక్తులే వేల యేండ్లు ఆ పలకలను గోడరాళ్ళు కానీయక కాపాడినవని మరువరాదు.

జ్ఞాపకము ఎముకలున్నచోటనే యుండవలెనను నియమము లేదు. మద్రాసు గవర్నరైన సర్ తామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాచే మరణింపగా గుత్తిలో పూడ్చిరి. 1831లో ఆ అస్థులను మద్రాసు కోటలోని చర్చికి తరలించిరి. అయినను రాయలసీమ రైతు తన కొడుకునకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనుట మానలేదు. కదిరికడ తిమ్మమ్మ మఱ్ఱిమాను సుమారు ఐదెకరముల మేర ఊడలు దింపి నిలిచియున్నది. ఆ చెట్టు క్రింద నిలుచున్నవారికి, ఆరువందల యేండ్లనాటి ఒక సతి పేరును మోయుటకు రాయియు అక్కఱలేదని, మానును వాడుకయు చాలునని తెలియును. కాని వాడుక తప్పినచో ఏమగును? మాను పేరులేని మానగును. వీరగల్లు చాకిరేవు బండయగును.

ఆ భయము నేడు వట్టి ఊహ కాదు. తిరుమణి, బాలసముద్రము, క్యాతగానచెర్లు, వళ్ళూరు, రాయచెర్లు గ్రామముల చుట్టును పదుమూడు వేల ఎకరములలో 2050 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము వెలసినది. ఎండిన మా నేలకు ఎండయే పంటయైనదని సంతోషింపవలసినదే. రైతు ఎకరమునకు ఇంతయని ఏటేట కౌలు పుచ్చుకొనుచున్నాడు. అయినను ఆ పేర్లను మఱియొకసారి చదువుడు: చెర్లు, సముద్రము. చెఱువును నమ్ముకొని బ్రతికిన ఊళ్ళని ఆ పేర్లే సాక్ష్యము. పొలము పేరు, గట్టు పేరు, గట్టుమీది రాతి పేరు దున్నువాని నోట నానుచుండును. నాగలి నిలిచిన చోట ఆ పేర్లు ఎన్నాళ్ళు నిలుచునో ఆలోచింపవలసియున్నది.

రైసు సంపుటములను సవరించి, క్రొత్త శాసనములను చేర్చి ప్రకటించు పనిని మైసూరు విశ్వవిద్యాలయమువారు 1972 నుండి చేపట్టిరి. అక్షరము గల రాళ్ళకు ఆ విధముగా రెండవమారు ఆయుర్దాయము లభించినది. అక్షరము లేనివానికి మొదటిసారియైన లభింపవలెను. ఆ పని పండితులు ఒంటరిగా చేయగలది గాదు. కొలతలు, ఛాయాచిత్రము, వరుససంఖ్య వారిచేతి పనులు. ఆ రాతిని ఊరివారు ఏమని పిలుతురో, ఏ యింటివారు దానికి టెంకాయ కొట్టుదురో, దానినిగూర్చి ఏ కథ చెప్పుకొందురో వ్రాసి యిచ్చుట మన పని. కన్నడమున మాస్తిగల్లు, తెలుగున పేరంటాలు అని రెండు పేర్లును ఒకే వరుసలో నుండవలెను.

దీనికి ముహూర్తము వెదకనక్కఱలేదు. మహాలయ అమావాస్యనాడు పెద్దలకు పెట్టుకొనుటకై ఇంటిల్లిపాది బొందలగడ్డకు పోవుదురు. సమాధులకు సున్నము కొట్టి, పూలు పెట్టి, నీడన కూర్చుండి, ఇది మా తాతది, అది వాని యన్నది యని చూపుడువ్రేలితో లెక్కించుచుందురు. ఆ వ్రేలు కొంత దూరము పోయి, ఎవ్వరివో తెలియని రాళ్ళకడ ఆగిపోవును. ఈ యేడు బడిపిల్లడొకడు ఒక పుస్తకమును, పెన్సిలును చేతబట్టి వెంట పోయి, ఆ వ్రేలు ఆగినచోటనే, “అవ్వా, మరి ఇదెవరిది?” అని అడుగవలెను.