పారాథైరాయిడ్ గ్రంథులకు చిన్న కోత ఆపరేషన్

మెడలో థైరాయిడ్ వెనక, ఒక్కొక్కటి కందిగింజంత పరిమాణంలో, సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి. రక్తంలో కాల్షియంను అదుపులో ఉంచేది వీటి హార్మోనే. వీటిలో ఒకటి కణితిగా పెరిగి హార్మోన్‌ను అతిగా విడుదల చేస్తే ఎముకలు గుల్లబారతాయి, మూత్రపిండాల్లో రాళ్లు పడతాయి. చెడిన గ్రంథిని తీసేస్తేనే జబ్బు పూర్తిగా నయమవుతుంది. ఒకప్పుడు మెడ అడ్డంగా తెరిచి చేసిన ఈ ఆపరేషన్‌కు ఇప్పుడు రెండు మూడు సెంటీమీటర్ల కోత చాలుతోందంటే, అందులో కత్తి నేర్పు కన్నా స్కానింగ్ గది, ప్రయోగశాల చేసిన పనే ఎక్కువ.

స్వీడన్‌లోని ఉప్సలాలో వైద్య విద్యార్థి ఇవార్ సాండ్‌స్ట్రోమ్ 1880లో మనిషిలో ఈ గ్రంథులను వర్ణించాడు. 1925లో వియన్నాలో సర్జన్ ఫెలిక్స్ మాండ్ల్ ఒక ట్రామ్ కండక్టర్ మెడలోంచి తొలి కణితి తీశాడు. నేర్పు ఒక్కటే చాలదని తేల్చింది మాత్రం అమెరికా ఓడ కెప్టెన్ చార్లెస్ మార్టెల్ కేసు. 1926 నుంచి 1932 దాకా అతనికి ఏడు ఆపరేషన్లు చేశారు. కణితి చివరికి మెడలో కాక ఛాతీలో దొరికింది. కొన్ని వారాలకే అతను మరణించాడు. కణితి ఎక్కడుందో ముందే తెలిసుంటే అన్ని కోతలు పడేవి కావు. ఆ జవాబు దొరకడానికి దశాబ్దాలు పట్టింది. 1963లో అమెరికా శాస్త్రవేత్తలు బెర్సన్, యాలో ఈ హార్మోన్‌ను కొలిచే పద్ధతి కనుగొన్నారు. 1989లో సెస్టామిబి స్కాన్ గ్రంథి జాడ చూపింది. 1990లలో మయామీలో సర్జన్ జార్జ్ ఇర్విన్ ఆపరేషన్ బల్ల దగ్గరే హార్మోన్ పరీక్షను వాడుకలోకి తెచ్చాడు. ఈ హార్మోన్ రక్తంలో అయిదు నిమిషాల్లోపే సగమవుతుంది. అందుకే గ్రంథి తీసిన పది నిమిషాలకు దాని స్థాయి సగానికి పైగా పడిపోతే కోత మూసేయవచ్చు. 1996లో సర్జన్ మిషెల్ గాన్యె ఎండోస్కోపుతోనూ ఈ ఆపరేషన్ చేసి చూపాడు.

నాలుగు గ్రంథులూ చూస్తేనే మేలు, అనుభవజ్ఞుల చేతిలో నూటికి 95 మందికి పైగా నయమవుతారు కదా అనేవారున్నారు. ఆ మాట నిజమే. సుమారు 15 శాతం మందిలో ఒకటికి మించి గ్రంథులు చెడతాయి కూడా. అలాంటివారికి, స్కాన్ తేల్చి చెప్పలేనివారికి పాత పద్ధతే సరైనది. కానీ ఒకే కణితి స్పష్టంగా కనబడినప్పుడు మిగతా మూడింటినీ కదిలించడం వల్ల స్వరనాడికి, ఆరోగ్యంగా ఉన్న గ్రంథులకు ప్రమాదం పెంచడమే అవుతుంది. మన దేశంలో ఈ జబ్బు ఆలస్యంగా బయటపడటంతో కణితులు పెద్దవిగా ఉంటాయి; చాలాసార్లు మామూలు అల్ట్రాసౌండ్‌కే దొరుకుతాయి. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో ఎండోక్రైన్ సర్జరీకి ప్రత్యేక విభాగమే ఉంది. అక్కడిదాకా వెళ్లాలా వద్దా అన్నది తేల్చే తొలి పరీక్ష మాత్రం ఊళ్లోని ల్యాబ్‌లోనే అవుతుంది. కిడ్నీలో రాళ్లు మళ్లీ మళ్లీ పడుతున్నా, చిన్న దెబ్బకే ఎముక విరిగినా, రక్తంలో కాల్షియం ఎంతుందో చూడమని డాక్టర్‌ని అడగండి.