బికినీ బూడిద - జపాను విదేశాంగ నీతి

1954వ సంవత్సరము మార్చి 1వ తేదీన, పసిఫిక్ మహాసముద్రములో ట్యూనా చేపలు పట్టుచున్న 23 మంది జపానువారికి తెల్లవారక ముందే పడమటి దిక్కున గొప్ప వెలుగు కనబడినది. కొన్ని నిమిషములకు పెద్ద ధ్వని వినవచ్చినది. కొన్ని గంటల పిదప ఆకాశమునుండి తెల్లని బూడిద రాలసాగినది. వారి పడవ పేరు ‘ఫుకుర్యూ మారు’. అదృష్ట డ్రాగన్ అని దాని అర్థము.

ఆ ఉదయము బికినీ పగడపు దీవులలో అమెరికా ఒక హైడ్రోజన్ బాంబును పరీక్షించినది. పొడియై పైకి లేచిన పగడపు రాయియే ఆ బూడిద. పడవ అమెరికా ప్రకటించిన అపాయ మండలమునకు వెలుపలనే ఉన్నది. మరి బూడిద అంతదూరము ఎట్లు వచ్చినది? పేలుడు 60 లక్షల టన్నుల టి.ఎన్.టి.కి సమానమగునని శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. అది 150 లక్షల టన్నులకు సమానమైనది. ఇంధనములోని లిథియం-6 మాత్రమే ట్రిటియము నిచ్చునని, లిథియం-7 ఊరకుండునని వారి లెక్క. కాని వేగముగల న్యూట్రానులు తగిలినచో లిథియం-7 కూడ ట్రిటియము నిచ్చును. గాలులు సైతము పడవ ఉన్న దిక్కునకే వీచినవి.

మార్చి 14న పడవ యైజు రేవు చేరినది. టోక్యో విశ్వవిద్యాలయమునకు చెందిన కెంజిరో కిమురా ఆ బూడిదలో యురేనియం-237ను కనుగొనెను. బాంబులోని సాధారణ యురేనియం కూడ విచ్ఛిత్తి చెందినదనుటకు అది నిదర్శనము. అమెరికా దాచిన రహస్యమును బూడిదయే బయటపెట్టినది! సెప్టెంబరు 23న పడవలోని రేడియో ఉద్యోగి కుబోయామా మరణించెను.

జపాను ప్రభుత్వము ఇరకాటమున పడినది. 1951 ఒప్పందము ప్రకారము దేశరక్షణకు అమెరికాయే అండ. 1955 జనవరిలో అమెరికా చట్టబాధ్యత నంగీకరింపకయే 20 లక్షల డాలర్ల నిచ్చినది. ప్రభుత్వము దానితో తృప్తిపడినది. ప్రజలు తృప్తిపడలేదు. అణ్వస్త్రములకు వ్యతిరేకముగా 3 కోట్లకు పైగా సంతకములు చేరినవి.

ఆ ప్రజాభిప్రాయమును తరువాతి ప్రభుత్వములు తోసివేయలేకపోయినవి. అణ్వస్త్రములను కలిగియుండము, తయారుచేయము, దేశములోనికి రానీయము అను మూడు సూత్రములను 1967లో ప్రధాని సాటో ప్రకటించెను. 1971లో పార్లమెంటు వానిని ఆమోదించినది. అయితే అణ్వస్త్రములున్న అమెరికా ఓడలు రేవులకు వచ్చుటను గూర్చి రెండు ప్రభుత్వముల నడుమ ఒక మౌన అంగీకారము ఉండెనని 2010లో విదేశాంగశాఖ నియమించిన సంఘము తేల్చినది. అణ్వస్త్ర నిషేధమును గూర్చి 2017లో వెలువడిన అంతర్జాతీయ ఒప్పందములో జపాను చేరలేదు.

అణ్వస్త్రములు వద్దనుట, అణ్వస్త్రముల నీడనే ఉండుట - ఈ రెండింటి నడుమనే జపాను విదేశాంగ నీతి నడచుచున్నది. ఆ కొయ్య పడవ నేటికిని టోక్యోలోని ప్రదర్శనశాలలో ఉన్నది. ఒక పరమాణువు విషయమున జరిగిన పొరపాటు ఒక జాతి విధానమును ఎంత దూరము కదల్చగలదో దానిని చూచిన విద్యార్థికి బోధపడును.