ఏ దారిన తిరిగే బండి?

రాయచూరు కోటకు వెళ్లినప్పుడల్లా నేను శాసనంకన్నా ముందు బండిని చూస్తాను. 41 అడుగులు దాటిన ఒకే రాయి మీద 1294 నాటి తెలుగు శాసనం ఉంది. విఠలుడనే సేనాని ఆదవాని, తుంబళం, మానువ కోటలు గెలిచి వచ్చి ఇక్కడ ఈ కోట కట్టించాడని అది చెబుతుంది. అంత రాయిని ఎలా తెచ్చారో కూడా కోటగోడమీదే చెక్కి పెట్టారు. బండిమీద పొడవాటి రాయి, ముందు బారులు తీరిన దున్నలు, వాటిని అదిలించే మనుషులు, చక్రాలకు కర్రలు మోపి ఎగువకు నెట్టే మనుషులు. చూపు అక్కడే ఆగిపోతుంది నాకు. ఎందుకంటే మా ఇంట్లో తరతరాల తర్జనభర్జనంతా చక్రం గురించే.

మాది సింధనూరు వైపు క్యాంపు. తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయి ఎడమకాలవలో నీళ్లు పారడం మొదలయ్యాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు వచ్చి భూములు కొన్నారు, గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెల గుంపులే క్యాంపులు. డాబాలు లేచినా పేరు మాత్రం అదే. మా నాన్న కూడా అలా వచ్చినవాడే.

ఇక్కడి నల్లరేగడిని కన్నడంలో ఎరె మణ్ణు అంటారు. ఎండాకాలంలో పాదం దిగేంత నెర్రెలు విచ్చే నేల, వానపడితే చక్రాన్ని పట్టుకుని ఒక పట్టాన వదలదు. నాన్న బండి చేయించబోతే వడ్రంగి ధర సంగతి తర్వాత ఎత్తాడట. ముందు "యావ దారి, గౌడ్రే?" అన్నాడట. ఏ దారిన తిరిగే బండి అని. చేలో దిగే బండికి ఇనుప పట్టా వెడల్పుగా ఉండాలి, సన్నదైతే కత్తిలా కోసుకుంటూ ఇరుసుదాకా కూరుకుపోతుంది. గట్టి దారిన సంతకు పోయేదైతే సన్నపట్టా చాలు, ఎద్దులకు సుళువు. నాన్న చేలోకే అన్నాడు.

పట్టా తొడగడం చిన్నప్పుడు నేను కళ్లారా చూశాను. తుమ్మకర్ర కుండలోకి ఆకులు దిగగొట్టి, చుట్టూ పూటీలు బిగించేవాళ్లు. పట్టాను చక్రం చుట్టుకొలతకన్నా ఒక పిసరు చిన్నదిగా వంచి అతికేవాళ్లు. పిడకల మంటలో ఎర్రగా కాలి అది సాగేది. నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, కడవలతో నీళ్లు గుమ్మరించేవాళ్లు. గుప్పుమని ఆవిరి, కాలిన తుమ్మ వాసన, కర్రలన్నీ ఒకదానిలోకొకటి బిగుసుకుంటూ కిర్రుమనే చప్పుడు. టైరు అన్న ఇంగ్లీషు మాట మొదట ఈ ఇనుప పట్టాకే ఉండేదని పెద్దయ్యాక చదివి సంతోషపడ్డాను.

గాలి టైరును పైకి తెచ్చినవాడు డన్‌లప్ అనే పశువుల డాక్టరు. 1888లో బెల్‌ఫాస్టులో తన కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం చేశాడు. ఆ పేరుతో వెలసిన కంపెనీ 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో కర్మాగారం పెట్టింది. మా క్యాంపులోకి టైరు బండి వచ్చినరోజు పిల్లలం దాని వెంట పరిగెత్తాం. పట్టాబండిలా లొడలొడమనలేదు. అదే ఎద్దుల జత దాదాపు రెట్టింపు వడ్లబస్తాలు లాగింది. నాన్నకు మాత్రం వెంటనే ఒక చిక్కు కనిపించింది. ఏ తుమ్మతో పాత చక్రం చేశారో ఆ తుమ్మముల్లే కొత్త చక్రానికి శత్రువైంది. వడ్రంగి పాక పక్కనే పంచరు షాపు లేచింది. నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు వెతికే కుర్రాడు ఊరికి కొత్త పనివాడయ్యాడు.

వడ్లు, బియ్యం మోసే లారీలు పెరిగాక రీట్రెడింగు మాట చెవినపడింది. అరిగిన పైపొర గీకేసి, కొత్త రబ్బరు పరిచి, వేడిలో ఉడికించి అతికించడం. మద్రాసులో 1946లో బెలూన్లు చేస్తూ మొదలైన ఎమ్మారెఫ్ 1952లో దిగింది ఈ రీట్రెడు రబ్బరులోకే, టైర్లు చేయడం 1961 నుంచి. అతుకుకు కూడా పనికిరాని టైరును మావాళ్లు పారేసేవారు కాదు. మే నెలలో కాళ్లు కాలే నేలమీద మా కూలీలంతా తొడిగింది టైరు చెప్పులే.

1983లో మారుతి వచ్చాక కారు మాలాంటివాళ్ల ఊహకు అందింది. ఆ తర్వాత మెల్లమెల్లగా రేడియల్ టైరూ వచ్చి చేరింది. పాత టైరులో దారాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి, నడకలో రాసుకుని వేడెక్కుతాయి. రేడియల్‌లో ఈ అంచునుంచి ఆ అంచుకు నేరుగా పోతాయి, పైన ఉక్కుతీగల పట్టీ ఉంటుంది. వేడి తక్కువ, అరుగుదల తక్కువ. రాయచూరు ఎండలో ఆ తేడా ప్రాణం కాపాడేంత.

ఎండలో టైరు ప్రాణం మీదికి తేవడం నాకు అనుభవమే. ఒక మే మధ్యాహ్నం మాన్వి దాటాక కారు ముందుటైరు పేలింది. నా భార్య పక్కనే ఉంది. రోడ్డు ఖాళీగా ఉండబట్టి బతికాం. చవగ్గా వస్తోందని కొన్న టైరు అది. గీతలు లోతుగానే ఉన్నాయి, నేను చూడనిది వయసు. పక్కగోడమీది కోడ్‌లో చివరి నాలుగు అంకెలే టైరు పుట్టినరోజు. 2319 అంటే 2019లో 23వ వారం. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది, ఎండలో ఇంకా త్వరగా. గాలి తక్కువుంటే పక్కగోడ అదేపనిగా వంగి లోపల్లోపల ఉడుకుతుంది. అప్పటినుంచి నెలకోసారి, టైరు చల్లగా ఉన్న పొద్దుటిపూట గాలి చూపిస్తున్నాను. గీతల లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే చట్టప్రకారమే మార్చాలి. వానల్లో కాలవగట్టుమీద తిరిగే నేను అంతదాకా ఆగను.

మొన్న నాలుగు టైర్లు మార్చడానికి రాయచూరు వెళ్లాను. మా అబ్బాయి ఫోన్‌లో వెడల్పాటి, పక్కగోడ పొట్టిగా ఉండే టైర్లు వేయించమన్నాడు, కారు అందంగా ఉంటుందని. షాపులో కుర్రాడు సైజు అడగలేదు. "ఎల్లి ఓడాడ్తీరి, సార్?" అన్నాడు. ఎక్కడ తిరుగుతారు అని. ఒక్క క్షణం మాట రాలేదు నాకు. వడ్రంగి నాన్నను అడిగిన ప్రశ్నే అది.

కాలవగట్టు, గుంతల తారు, వారానికోసారి రాయచూరు, నడివేసవి ఎండ అని చెప్పాను. అతను అందమైనవాటి వైపు వెళ్లలేదు. కంపెనీవాళ్లు మొదట ఇచ్చిన 165/80 ఆర్14 దొర్లించుకొచ్చాడు. వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం. గుంతలో పడ్డప్పుడు ఆ ఎత్తే దెబ్బ తింటుంది, లోపలి రిమ్ము సొట్టపోకుండా కాస్తుంది. నాన్న చేనికి వెడల్పు కావాల్సి వచ్చింది, నా దారికి ఎత్తు కావాల్సి వచ్చింది.

నేనింకా అడగకముందే, తేదీ ఉన్న వైపు నాకు కనిపించేలా తిప్పి నిలబెట్టాడు.